శివారు వాగులో ట్రౌట్: హేచరీ ట్రక్కు వెళ్లాక ఏం జరుగుతుంది

ఏప్రిల్ మొదటి శనివారం ఉదయం 8 గంటలకు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమంతటా ట్రౌట్ అనే చల్లనీటి చేపను పట్టే సీజన్ మొదలవుతుంది. ఫిలడెల్ఫియా శివార్లలో పారే విస్సహికన్ క్రీక్ ఒడ్డున ఆ పొద్దున ఏడింటికే జనం భుజాలు రాసుకుంటూ నిలబడతారు. ఎనిమిది కాగానే గాలాలన్నీ ఒకేసారి నీళ్లలో పడతాయి. పదకొండయ్యేసరికి కొందరి దగ్గర ఐదేసి చేపలుంటాయి, రోజుకు అనుమతి అంతవరకే. మరికొందరి సంచి ఖాళీ. ఫ్లై రాడ్ పట్టుకొచ్చిన కొత్తవాళ్లు చాలామంది ఈ రెండో జట్టులోనే మిగులుతారు. చేప కనిపిస్తూనే ఉంటుంది, పురుగులా కట్టిన ఫ్లై దాని ముందు నుంచే పోతుంది, అయినా అది ముట్టదు. అప్పుడు అందరూ చేసే పని డబ్బా తెరిచి ఇంకో రంగు ఫ్లై కట్టడం.

ఫ్లై మార్చడం నిజానికి చివరి పని. అంతకంటే ముందు తెలియాల్సినవి మూడున్నాయి: చేపల్ని పెంచే కేంద్రం, అంటే హేచరీ, నుంచి చేపలు తెచ్చి వదిలే ట్రక్కు వచ్చి ఎన్ని రోజులైంది, వాగులో నీరు పెరుగుతోందా తగ్గుతోందా, ఆ మడుగులో పొద్దుటి నుంచి ఎంతమంది దిగారు. ఈ మూడూ తెలిస్తే ఏ ఫ్లై కట్టాలో, ఎంత లోతున పోనివ్వాలో చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ఫ్లై ఫిషింగ్ ఎప్పుడూ చూడనివాళ్ల కోసం ఒక్క మాట. మామూలు గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఫ్లైకి బరువు దాదాపు ఉండదు. చిన్న ముల్లుకి దారం, ఈక, బొచ్చు చుట్టి పురుగులా తయారుచేసినదే ఫ్లై. లావుగా, బరువుగా ఉండే ప్లాస్టిక్ పూత లైనే దాన్ని మోసుకెళ్తుంది. ఆ లైను చివర సన్నబడుతూ పోయే నైలాన్ లీడర్, దాని చివర ఇంకా సన్నటి టిపెట్, టిపెట్ చివర ఫ్లై.

సిమెంటు తొట్టెలో పెరిగిన చేప

పెన్సిల్వేనియా ఫిష్ అండ్ బోట్ కమిషన్ ఏటా 30 లక్షలకు పైగా పెద్ద ట్రౌట్‌లను రాష్ట్రంలోని వాగుల్లో, చెరువుల్లో వదులుతుంది. వాటి సగటు పొడవు 11 అంగుళాలు. ఎక్కువభాగం రెయిన్‌బో ట్రౌట్, దాని పుట్టిల్లు పసిఫిక్ తీరం. బ్రౌన్ ట్రౌట్ 1883లో జర్మనీ నుంచి గుడ్ల రూపంలో అమెరికాకు వచ్చింది. ఈ ప్రాంతపు సొంత చేప బ్రూక్ ట్రౌట్ ఒక్కటే, రాష్ట్ర చేప కూడా అదే.

హేచరీలో ఈ చేప పొడవాటి సిమెంటు తొట్లలో ఏడాదిన్నర వరకు పెరుగుతుంది. అక్కడ అలవడిన కొన్ని గుణాలు వాగులోకీ వస్తాయి. మేత గుళికలు పైనుంచి టపటపా రాలతాయి కాబట్టి నీటి మీద ఏదైనా చిన్న చప్పుడైతే అటు తిరుగుతుంది. మనిషి నీడ పడితే మేత వచ్చిందనుకుంటుంది. వందల చేపల మధ్య పెరిగింది కనుక గుంపు వదిలి దూరంగా పోదు. గోడలకు, పక్క చేపలకు రాసుకుని రెక్కల అంచులు అరిగిపోయి ఉంటాయి. పట్టిన చేప హేచరీదో, అక్కడే పుట్టిందో చెప్పడానికి మొదట చూసే గుర్తు అదే.

వీటన్నిటికంటే పనికొచ్చే సంగతి మరొకటుంది. వాగులో ఏది తిండో, ఏది చెత్తో దానికి తెలియదు, చేతులు లేవు, కాబట్టి నోటితో పరీక్షిస్తుంది. వదిలిన కొద్దిరోజులకు పట్టిన చేప పొట్ట కోస్తే పుల్లముక్కలు, గింజలు, చిన్న గులకరాళ్లు దొరుకుతాయి. పొట్టలోకి పోయినవి కొన్నే, నోట్లోకి తీసుకుని ఉమ్మేసినవి అంతకు ఎన్నో రెట్లు. తీసుకోవడం, ఉమ్మేయడం రెండూ కలిపి సెకను లోపే అయిపోతాయి. అందుకే ‘చేప ముట్టడం లేదు’ అనే ఫిర్యాదులో చాలాసార్లు నిజం ఉండదు. ముట్టింది, ఉమ్మేసింది, పట్టేవాడికి తెలియలేదంతే.

పార్కింగ్ లాట్ నుంచి వచ్చే నీళ్లు

విస్సహికన్ మాంట్‌గోమరీ కౌంటీలో ఒక షాపింగ్ మాల్ పార్కింగ్ లాట్ పక్కన మొదలై, సుమారు 23 మైళ్లు పారి, ఫిలడెల్ఫియాలో స్కూల్కిల్ నదిలో కలుస్తుంది. వానల్లేని రోజుల్లో దాని ప్రవాహంలో పెద్ద వాటా మురుగునీటి శుద్ధి కేంద్రాలు వదిలే నీళ్లే. కింది భాగంలో ఫర్‌బిడెన్ డ్రైవ్ అనే కార్లు రాని మట్టిబాట వాగు వెంటే సాగుతుంది. పరుగెత్తేవాళ్లు, సైకిళ్లు, కుక్కలు, పిల్లల బళ్లు అన్నీ దాని మీదే. అమెరికా తూర్పు తీరంలో శివారు వాగు ఎలా ఉంటుందో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇలాంటి వాగును కొండ వాగులా చదివితే లెక్క తప్పుతుంది. అడవిలో పడ్డ వాన నేలలోకి ఇంకి రోజుల తరబడి మెల్లగా వాగులోకి ఊరుతుంది. కప్పులు, రోడ్లు, తారు మైదానాల మీద పడ్డ వాన పైపుల్లోంచి నేరుగా దూకుతుంది. గట్టి వాన పడితే గంటా రెండు గంటల్లో వాగు ఎర్రబడి ఉరకలేస్తుంది, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పలచబడుతుంది. ఆ ఉరకలకు గట్లు కోసుకుపోతాయి, ఒండ్రు కొట్టుకొచ్చి గులకరాళ్ల సందుల్ని పూడ్చేస్తుంది. ఆ సందుల్లో బతకాల్సిన సున్నితమైన పురుగులు, ముఖ్యంగా స్టోన్‌ఫ్లైలు, కనుమరుగవుతాయి. మిగిలేవి గట్టి పిండాలు: మిడ్జ్ లార్వాలు, రాళ్ల మధ్య వల అల్లుకునే కాడిస్ లార్వాలు, క్రేన్‌ఫ్లై పురుగులు, సోబగ్‌లు, వానకు కొట్టుకొచ్చే వానపాములు. మే, జూన్‌లలో కొమ్మల మీంచి దారానికి వేలాడుతూ నీళ్లలో పడే పచ్చని గొంగళిపురుగులు కూడా. దీనివల్ల ఒక లాభం ఉంది. పుస్తకాల్లో కనిపించే నలభై రకాల ఫ్లైలు ఇక్కడ కొనక్కర్లేదు, ఏడెనిమిది చాలు.

నీటి స్థితి తెలుసుకోవడం తేలిక. అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ ఈ వాగు మీద ఫోర్ట్ వాషింగ్టన్ దగ్గర ఒకటి, ఫిలడెల్ఫియాలో స్కూల్కిల్‌లో కలిసేచోట ఒకటి కొలమానాలు పెట్టింది. సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతోందో ఫోన్‌లోనే గ్రాఫ్‌గా కనిపిస్తుంది. చూడాల్సింది ఆ అంకెను కాదు, గీత వాలును. గీత నిట్టనిలువుగా లేస్తుంటే ఇంట్లో ఉండడం మంచిది, వాగులో దిగి ఉంటే వెంటనే బయటికి రావాలి. గీత దిగుతూ, నీళ్లు పలచటి టీ రంగులోనో, పచ్చగానో మారి, మోకాలి లోతులో మీ బూటు మసగ్గా కనబడుతుంటే అంతకంటే మంచి సమయం ఆ వారంలో రాదు. కొంచెం కలక ఉన్న నీళ్లలో చేపకు మీరు కనబడరు, కొత్త తిండి కొట్టుకొస్తుంది, ఒడ్డున జనం సగానికి సగం తగ్గిపోతారు. వానకు రోడ్ల మీది, గట్ల మీది మురికంతా ఇందులోకే వస్తుంది కాబట్టి చేతి మీద గాయముంటే ఆ రెండు రోజులూ దిగొద్దు. పట్టడం అయ్యాక సబ్బుతో చేతులు కడగకుండా ఏదీ తినొద్దు. ఫిలడెల్ఫియా పరిధిలో ఈ వాగులో ఈతను నిషేధించడానికి ఈ మురికి కూడా ఒక కారణం.

ట్రక్కు తర్వాతి రోజులు

ఎప్పుడు ఏ వాగులో చేపలు వదులుతారో కమిషన్ ముందే ప్రకటిస్తుంది. ఆక్సిజన్ ఎక్కించిన ట్యాంకుల ట్రక్కు వంతెన దగ్గరో, పార్కింగ్ దగ్గరో ఆగుతుంది. స్వచ్ఛంద కార్యకర్తలు బకెట్లతో మోసి గుమ్మరిస్తారు. జనం కూడా ఆ వంతెనల దగ్గరే పోగవుతారు. సీజన్‌కు ముందు ఫిబ్రవరి మూడో వారం నుంచి ఈ వాగులు మూసే ఉంటాయి. కాబట్టి ప్రారంభం రోజున నీళ్లలో ఉన్న చేపలు అప్పటికి కొన్ని రోజులో, వారాలో అక్కడ గడిపినవే. సీజన్ మధ్యలో వదిలిన వాటి సంగతి వేరు, వాటికి మొదటి రోజు నుంచే గాలాలు తగులుతాయి.

మొదటి రెండు మూడు రోజులు చేపలు వదిలిన మడుగులోనే గుంపుగా తిరుగుతాయి. నీరు నెమ్మదిగా ఉన్నచోట, అడుగుకు కాస్త పైన ఉంటాయి. ప్రయాణపు అలసటతో మొదటి కొన్ని గంటలు ఏదీ ముట్టకపోవచ్చు, దాన్ని చూసి కంగారు పడొద్దు. ఈ రోజుల్లో పనిచేసేవి కంటికి కొట్టే ఫ్లైలు: నారింజ లేదా గులాబీ రంగు ఎగ్ ఫ్లై 14 నంబరు ముల్లు మీద (నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నది), ఎర్ర సాన్ హువాన్ వార్మ్ 12 నంబరు, ఆలివ్ లేదా నలుపు వూలీ బగర్ 10 నంబరు. ఇలాంటివి కట్టడం కళకు తక్కువని ముఖం తిప్పుకునేవాళ్లుంటారు. నిన్నటిదాకా గుళికలు తిన్న చేపకు మేఫ్లై పిల్లను చూపించి అది గుర్తుపట్టలేదని నొచ్చుకోవడంలో అర్థం లేదు. నిలకడగా ఉన్న మడుగులో ప్రవాహం ఫ్లైని కదపదు కాబట్టి మీరే కదపాలి. వూలీ బగర్‌ను మునగనిచ్చి, లైనును రెండు మూడు అంగుళాల చొప్పున లాగుతూ, మధ్యలో రెండు సెకన్లు ఆపాలి. చేప చాలాసార్లు ఆగినప్పుడే అందుకుంటుంది.

వారం తిరిగేసరికి ఆ గుంపు తలల మీదుగా వందలసార్లు గాలాలు పోయి ఉంటాయి. కరిచి, నొప్పి తెలిసి, తప్పించుకున్నవి కొన్ని. కొన్ని చెదిరిపోతాయి, వరద వస్తే రెయిన్‌బోలు కిందికి జారతాయి. ఇక్కడి నుంచి ఆట మారుతుంది. వంతెన దగ్గరి జనాన్ని వదిలి కిందివైపు మూడు నాలుగు వందల గజాలు నడవండి. ఎవరూ నిలబడని చిన్న చోట్లు చూడండి: బల్లపరుపు నీటిలో ఒంటరి బండరాయి ముందూ వెనకా, కూలిన చెట్టు పక్కన ఉన్న రెండడుగుల లోతు, పరుగునీళ్లు మడుగులోకి దిగే మెట్టు. వేగపు నీరు, నెమ్మది నీరు ఒరుసుకునే చోట నురగ ఒక గీతలా సాగుతుంది. తిండి ఆ గీత వెంటే వస్తుంది, చేప నెమ్మది నీటి వైపు నిలబడి తల అటు చాస్తుంది. పోలరాయిడ్ కళ్లద్దాలు లేకుండా ఇవేవీ కనబడవు. రెండో రాడ్ కొనే ముందు మంచి కళ్లద్దాలు కొనడం మేలు.

రెండు వారాలు దాటి బతికిన చేప అసలు పురుగుల్ని తినడం నేర్చుకుంటుంది. అప్పుడు పెద్ద రంగుల ఫ్లైలు దాన్ని బెదరగొడతాయి. ఫెజంట్ టెయిల్ 16, 18 నంబర్లు, జీబ్రా మిడ్జ్ 18, 20, కాడిస్ ప్యూపా 16, పెన్సిల్వేనియాలోనే పుట్టిన వాల్ట్స్ వార్మ్ 12, 14, గొంగళిపురుగుల కాలంలో గ్రీన్ వీనీ 12. ఇంతే డబ్బా.

బంగారు రంగు చేప గురించి చెప్పకుండా ఉండలేం. 1950ల్లో పొరుగున వెస్ట్ వర్జీనియా హేచరీలో రంగు మారి పుట్టిన ఒక రెయిన్‌బో నుంచి వచ్చిన వంశం అది. పసుపుపచ్చగా నీళ్లలో దీపంలా మెరుస్తుంది. అది కనబడితే చాలు, ఒడ్డు మీద ఉన్నవాళ్లంతా దాని మీదే విసురుతారు. ఆ మడుగులో అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నదీ, అందరికంటే జాగ్రత్తగా ఉన్నదీ అదే. దాని చుట్టూ మామూలు రంగులో, కనబడకుండా నాలుగు రెయిన్‌బోలు ఉంటాయి. పచ్చ చేపను గుర్తుగా పెట్టుకుని రెండడుగులు పక్కకు విసరండి.

అడుగున పోయే ఫ్లై

ఇక అసలు చిక్కుముడి ఇది. వాగు అడుగున రాళ్ల ఒరిపిడికి నీరు మెల్లగా పోతుంది, పైన వేగంగా పోతుంది. చేప, దాని తిండి రెండూ అడుగున ఉంటాయి. మీ లైను, దాని మీద తేలుతూ చేప ముట్టిందని చూపే బెండు పైన ఉంటాయి. పైనీరు బెండును లాక్కుపోతే, బెండు ఫ్లైని ఈడ్చుకుపోతుంది. అడుగున మెల్లగా దొర్లాల్సిన పురుగు చుట్టూ నీటికంటే వేగంగా పరుగెడుతుంది. జనం తక్కువున్న వాగులో చేప దీన్ని క్షమించవచ్చు. రోజంతా గాలాలు చూసిన చేప క్షమించదు.

ఈడ్పు ఉందో లేదో కనిపెట్టడానికి బెండు పక్కన పోతున్న బుడగల్ని చూడండి. బుడగలతో సమానంగా బెండు పోతుంటే ఫ్లై అడుగుకు చేరలేదు, పైనీటి వేగంతోనే పోతోంది. బుడగలకంటే ముందుకు పోతుంటే లైను లాగుతోంది. బుడగలు బెండును దాటుకుపోతూ, బెండు కాస్త వెనకబడి, అప్పుడప్పుడు చిన్నగా తడబడుతుంటే ఫ్లై ఉండాల్సిన చోట ఉంది.

కట్టే పద్ధతి ఇది. 8 లేదా 8.5 అడుగుల 4 వెయిట్ రాడ్ (వెయిట్ అంటే అది మోసే లైను బరువు అంకె), కొమ్మలు తక్కువున్నచోట 9 అడుగులది. 9 అడుగుల 4ఎక్స్ లీడర్‌కు (ఎక్స్ అంకె దారం మందానికి గుర్తు) అడుగున్నర 5ఎక్స్ టిపెట్ ముడివేయండి. దాని చివర 2.8 లేదా 3.3 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ పూస ఉన్న వాల్ట్స్ వార్మ్. దాని ముల్లు వంపుకు 14 నుంచి 18 అంగుళాల 6ఎక్స్ కట్టి, ఆ చివర చిన్న ఫ్లై. బెండును నీటి లోతుకు ఒకటిన్నర రెట్ల ఎత్తులో పెట్టాలి. నీరు మూడడుగులుంటే బరువైన ఫ్లైకి నాలుగున్నర అడుగుల పైన అన్నమాట. ముడి వేసేటప్పుడు ఐదు చుట్లు చుట్టి, ఉమ్మితో తడిపి, మెల్లగా బిగించండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ బలం పోతుంది, చేప పడిన మొదటి కుదుపుకే తెగుతుంది.

టిపెట్ అంకెల మీద చాలామందికి అయోమయం. 11 నుంచి ఎక్స్ అంకెను తీసేస్తే వచ్చేది, అంగుళంలో వెయ్యో వంతుల్లో దారం మందం. 5ఎక్స్ అంటే 0.006 అంగుళం, 4ఎక్స్ అంటే 0.007. సన్నదారం చేపకు కనబడదని వాడతారనుకుంటారు. దానికంటే ముఖ్యమైన లాభం వేరు: సన్నదారాన్ని నీరు తక్కువగా నెడుతుంది, ఫ్లై త్వరగా మునుగుతుంది, స్వేచ్ఛగా దొర్లుతుంది.

బరువు సరిచూసుకోవడం ఇలా. మూడు నాలుగు విసుర్లకు ఒకసారి ఫ్లై అడుగును తాకితే బరువు సరిపోయింది. ప్రతి విసురుకూ చిక్కుకుంటే పూస చిన్నది కట్టండి, లేదా బెండును ఆరంగుళాలు కిందికి జరపండి. ఎప్పుడూ తాకకపోతే ఫ్లైకి ఏడెనిమిది అంగుళాల పైన చిన్న గుండు ఒకటి నొక్కండి, సీసం బదులు తగరానిది. చేపలు పడనప్పుడు ఫ్లైని నాలుగుసార్లు మార్చేవాళ్లు బరువును ఒక్కసారి కూడా మార్చరు. ఈ వాగుల్లో ఖాళీ సంచులకు పెద్ద కారణం అదే. శుద్ధి కేంద్రాల నీళ్లలో భాస్వరం ఎక్కువ కాబట్టి ఏప్రిల్ చివరి నుంచి రాళ్ల మీద పాచి దట్టంగా పెరుగుతుంది. నాలుగైదు విసుర్లకోసారి ముల్లు చూసుకోండి. గోరంత పాచి అంటుకున్నా ఆ ఫ్లై పనికిరాదు.

గుంజడం గురించి. బెండు మునిగేదాకా ఆగితే హేచరీ చేప అప్పటికే ఉమ్మేసి ఉంటుంది. బెండు ఆగినా, పక్కకు జరిగినా, ఉన్నట్టుండి మెల్లబడినా వెంటనే గుంజండి. రాడ్‌ను నెత్తి మీదికి లేపొద్దు. ప్రవాహం పోయే వైపు, నీటికి దగ్గరగా, జానెడు దూరం పక్కకు లాగితే చాలు. చేప తల ఎగువకు ఉంటుంది కనుక ముల్లు నోటి మూలలో దిగుతుంది. చేప లేకపోయినా ఫ్లైలు వెనక చెట్టెక్కవు, పక్కవాళ్ల చెవికి తగలవు.

వెనక చెట్టు, పక్కన మనిషి

ఫ్లై ఫిషింగ్ అనగానే గుర్తొచ్చే, తల మీద లైను పాములా ఊగే దృశ్యానికి ఈ వాగుల్లో చోటుండదు. వెనక సికమోర్ చెట్టు, దాని వెనక నడకబాట. రోల్ కాస్ట్ నేర్చుకుంటే తొంభై శాతం పని అయిపోతుంది. లైనును నీటి మీదే మెల్లగా మీ వైపు లాగుతూ రాడ్‌ను చెవి దాకా తెండి. అక్కడ ఒక క్షణం ఆగండి. లైను భుజం వెనక వంపు తిరిగి వేలాడాలి, ముందు భాగం నీటికి అంటుకునే ఉండాలి. ఇప్పుడు రాడ్‌ను ముందుకు వేగం పెంచుతూ తెచ్చి, కంటి ఎత్తులో ఠక్కున ఆపండి. లైను చుట్ట విప్పుకుంటూ పోతుంది. అది కుప్పగా పడిందంటే మీరు ఆ క్షణం ఆగలేదు, లేదా రాడ్‌ను నీళ్లదాకా దించేశారు. పూర్తిగా కొమ్మల కింద ఇరుక్కున్నప్పుడు ఫ్లైని ముల్లు వంపు దగ్గర వేళ్లతో పట్టుకుని, రాడ్‌ను విల్లులా వంచి వదిలితే పది పన్నెండు అడుగులు పోతుంది. ముల్లు మొన బయటి వైపు ఉండేలా పట్టుకోవాలి.

జనం మధ్య ఇంకా బాగా పనిచేసేది, యూరప్ పోటీల నుంచి వచ్చిన బిగువు దారపు పద్ధతి. బెండు ఉండదు. లీడర్‌లో ఒక రంగు దారపు ముక్క కడతారు. బరువైన ఫ్లైని రాడ్ పొడవుకు కాస్త ఎక్కువ దూరంలో ఎగువకు వేసి, రాడ్ కొనను ఎత్తిపట్టి, దారం బిగువు పోకుండా ప్రవాహంతో నడిపిస్తారు. నీటి మీద లైనే పడదు కాబట్టి ఈడ్పు సమస్యే ఉండదు. ఇద్దరి మధ్య పదిహేనడుగుల ఖాళీ దొరికినా పట్టొచ్చు.

దూరం విషయంలో రాసిన నియమం లేదు, మర్యాద ఉంది. ఎగువకు నడుస్తూ పడుతున్నవాళ్లకు ముందు దిగకండి, చుట్టూ తిరిగి రెండు మలుపులు దాటి దిగండి. ఒకరు ఉన్న మడుగులోకి రావాలంటే అడగండి. ‘మీరు ఎటు వెళ్తున్నారు?’ అన్న ప్రశ్న ఎన్నో గొడవల్ని ఆపుతుంది. ఒడ్డు నుంచే పట్టగలిగిన చోట నీళ్లలో దిగొద్దు. మీరు నిలబడ్డ మోకాలి లోతే పక్కవాళ్లకు చేప ఉన్న చోటు కావచ్చు. కుక్క దూకిందా, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, చేపలు మళ్లీ నిలదొక్కుకుంటాయి. ముల్లు వెనకముల్లును పట్టకారుతో నొక్కేయండి. చేపకు మంచిది, బాట మీద పరుగెత్తే పిల్లవాడి బుగ్గకూ మంచిది.

68 డిగ్రీలు

ట్రౌట్ చల్లనీటి చేప. రెయిన్‌బోకు 50 నుంచి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ హాయి. 68 దాటితే, అంటే మన లెక్కలో 20 డిగ్రీల సెల్సియస్, నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపకు అవసరం పెరుగుతుంది. అప్పుడు పట్టి వదిలిన చేప ఈదుకుంటూ పోయినట్టే కనబడి కాసేపటికి చచ్చిపోవచ్చు. కాబట్టి చిన్న థర్మామీటరు జేబులో ఉండాలి, 68 చూడగానే ఆపేయాలి. శివారు వాగులో ఇది జూన్‌లోనే రావచ్చు. కాలిన తారు మీద పడిన వేసవి జల్లు నీటిని చల్లబరచడానికి బదులు ఇంకా వేడెక్కిస్తుంది. రోజులో అన్నిటికంటే చల్లగా ఉండేది తెల్లవారుజామున.

ఇక్కడే తినాలా, వదలాలా అనే వాదన తేల్చుకోవచ్చు. జూలై వేడికి విస్సహికన్ లాంటి వాగులో మిగిలిన ట్రౌట్‌లు చాలావరకు బతకవు, అక్కడ గుడ్లు పెట్టి సంతానాన్ని నిలపవు. జనం పట్టుకుని తినడానికే రాష్ట్రం వాటిని వదులుతోంది. ఏడంగుళాల పైబడినవి రోజుకు ఐదు వరకు తీసుకెళ్లడంలో ఏ తప్పూ లేదు, వదలని వాళ్లను తప్పుబట్టడం సరికాదు. అయితే ‘డిలేడ్ హార్వెస్ట్’ అని బోర్డులున్న వాగు భాగాల్లో పద్ధతి వేరు. అక్కడ ఏడాదంతా పట్టొచ్చు కానీ వానపాముల్లాంటి సహజ ఎర వాడకూడదు, కృత్రిమ ఎరలు మాత్రమే. జూన్ 15 నుంచి లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) వరకు తప్ప చేపను ఉంచుకోకూడదు. ఆ గడువులో కూడా 9 అంగుళాల పైవి మూడే. మిగతా వాగులు మూసి ఉండే మార్చి నెలలో ఫ్లైతో చేయి తిప్పుకోవడానికి ఈ భాగాలే సరైన చోటు.

వదిలేటట్టయితే చేతులు తడుపుకుని, రబ్బరు వలలో, నీళ్లలోనే ఉంచి ముల్లు తీయండి. తీసుకెళ్లేటట్టయితే తీగకు గుచ్చి గంటల తరబడి గోరువెచ్చని నీళ్లలో వేలాడదీయకండి. వెంటనే చంపి, మొప్పలు కోసి నెత్తురు పోనిచ్చి, పేగులు తీసి, ఐసులో పెట్టండి. వెన్నెముక కింద నల్లగా ఉండే నెత్తుటి గీతను బొటనవేలి గోరుతో గీకేయాలి, నీచు వాసన ఉండేది అందులోనే. ట్రౌట్ కండ మెత్తన, పులుసులో విరిగి ముద్దవుతుంది. ఉప్పు, పసుపు, కారం, నిమ్మరసం పట్టించి పెనం మీద వేపుడు చేస్తేనే దాని రుచి నిలుస్తుంది. కండ తెల్లగా ఉందా నారింజగా ఉందా అన్నది ఎక్కువగా అది తిన్న తిండిలోని రంగు పదార్థం మీద ఆధారపడుతుంది, నాణ్యత మీద కాదు. రాష్ట్రంలో గాలంతో పట్టిన ఏ చేపనైనా వారానికి ఒక్కసారికి మించి తినొద్దని, ఆ పూటకు సుమారు పావు కిలో లోపు ఉండాలని పెన్సిల్వేనియా సలహా. దీన్ని పిల్లలున్న ఇళ్లలో ఇంకా గట్టిగా పాటించాలి.

16 ఏళ్లు నిండినవాళ్లకు ఫిషింగ్ లైసెన్సుతో పాటు ట్రౌట్ పర్మిట్ విడిగా కావాలి. రెండూ ఆన్‌లైన్లో దొరుకుతాయి. లైసెన్సు ఒక్కటే కొని ట్రౌట్ వాగుకు రావడం కొత్తగా వచ్చిన మనవాళ్లలో తరచూ జరిగే పొరపాటు.

లేబర్ డే తర్వాత పరిమితి రోజుకు మూడు చేపలకు తగ్గుతుంది. జనం అంతకంటే ఎక్కువ తగ్గుతారు. కొన్ని వాగుల్లో అక్టోబరులో మళ్లీ చేపలు వదులుతారు. నీరు చల్లబడుతున్న కాలం కనుక వేడి వాటిని చంపదు, చలికాలమంతా పట్టొచ్చు. ఇబ్బందల్లా ఆకులతోనే. గాలి వీచిన రోజున ప్రతి విసురుకూ ఒక ఆకు తగులుతుంది. అప్పుడు రెండు ఫ్లైలు కట్టకండి. పూస ఉన్నది ఒకటే కట్టి, ఆకులు గుంపుగా కొట్టుకుపోయే మధ్య పాయను వదిలి, రాళ్ల వెనక నెమ్మది నీటిలో దూరం తగ్గించి పట్టండి. జనవరి నాటికి నీరు అద్దంలా ఉంటుంది. 20 నంబరు నల్ల జీబ్రా మిడ్జ్, 6ఎక్స్ దారం, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య, నీరు ఒకటి రెండు డిగ్రీలు వెచ్చబడే ఆ కాసేపు.